తల్లిని చూడకుండా తీసుకోకండి

మూడో అంతస్తు ఇంటి నుంచి,
జనవరి 9

అక్కగారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. తెలిశాక ఈ కాగితం చింపేసినా మీ తప్పేం లేదు. మీ పాపను ఇప్పుడు పెంచుతున్నది నేను. పాప నాన్నగారిని చేసుకుని నాలుగేళ్లయింది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, బిగుతైన బట్టలు వదులు చేస్తూ, వదులైనవి బిగిస్తూ ఉంటాను. ఆయన అదే కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీస్తున్నారు. మీ చిరునామా ఆయన బీరువాలో ఒక పాత కవరు మీద దొరికింది. ఈ ఉత్తరం సంగతి ఆయనకు చెప్పలేదు.

విషయం పెద్దదేం కాదు. కుక్కపిల్ల గురించి. అదే బీరువాలో ఒక ఫొటో కూడా ఉంది. పశువుల పాక ముందు ఎనిమిదేళ్ల పిల్ల, పక్కన పొట్టి కాళ్లు, పెద్ద చెవుల కుక్క. పిట్ట (పాపను ఇంట్లో అలాగే పిలుస్తాం, పదేళ్లొచ్చినా పిట్టంతే ఉంది) ఆ ఫొటో చూసి పట్టు పట్టింది. "పిన్నీ, దీని కాళ్లు నువ్వే కత్తిరించి మడిచి కుట్టినట్టున్నాయి. నాకు ఇలాంటిదే కావాలి" అంది. ఫొటోలో పిల్ల ఎవరని అడిగితే ఎవరోలే అన్నాను. ఆ పిల్ల మీరేనని ఆయన నోరు విప్పకుండానే నాకు తెలిసిపోయింది.

పిట్ట ఎప్పుడూ ఏదీ కావాలని అడగదు అక్కగారూ. వీధిలో నడిస్తే అందరికన్నా వెనక, నా సంచీ పట్టుకుని నడుస్తుంది. ఎక్కడైనా కూర్చోబెట్టి నీళ్లు తెస్తానంటే ఒప్పుకోదు. అలాంటి పిల్ల నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఈ కుక్కను కోర్గీ అంటారట. దాన్ని తెచ్చుకునే ముందు ఏం తెలుసుకోవాలో మీకన్నా ఎవరికి తెలుస్తుంది? దయచేసి రాయండి.

ఇట్లు,
పిట్ట పిన్ని


ఆసుపత్రి లాండ్రీ నుంచి,
జనవరి 20

మీకు,

నన్ను అక్కా అనకండి. ఆ వరస కలుపుకునే అర్హత నాకు లేదు.

కుక్క గురించి అడిగారు కాబట్టి కుక్క గురించే రాస్తాను.

మా నాన్న పాలడైరీలో పశువులు కాసేవాడు. అక్కడ ఐదారు కోర్గీలుండేవి. ఆవుల్ని తోలడానికి పెంచే కుక్కలవి. ఆవు కాలు విసిరితే దెబ్బ తల మీదుగా పోవాలి, అందుకే ఆ పొట్టి కాళ్లు. చూడ్డానికి బొమ్మలా ఉంటుందని ఇంటికి తెచ్చుకుంటారు కానీ అది బొమ్మ కాదు, కూలి చేసే జాతి. పని లేకపోతే పని కల్పించుకుంటుంది. ఇంట్లో ఆవులుండవు కాబట్టి మీ మడమలు పట్టుకుంటుంది. మంద నుంచి ఎవరు విడిపోయినా వెనక్కి తోలుకొచ్చేదాకా దానికి నిద్ర పట్టదు.

మీరు బట్టలు కుడతారన్నారు. దాని బొచ్చు ఏడాదికి రెండుసార్లు కుప్పలుగా, మిగతా రోజుల్లో మామూలుగా రాలుతుంది. రాలని రోజు ఉండదు. నల్లబట్ట ఇచ్చిన వాళ్లకు ముందే చెప్పుకోండి. ఎండాకాలమని గుండు మాత్రం గీయించకండి, రెండు పొరల బొచ్చు మళ్లీ సరిగా రాదు. గట్టిగా మొరుగుతుంది. పక్కింటివాళ్లతో ఇప్పుడే మంచిగా ఉండండి. తిండికి హద్దు తెలియదు, మీరే కొలిచి పెట్టాలి. పొడుగు వీపు, పొట్టి కాళ్లు. బరువు పెరిగితే ముందు పోయేది వెన్నెముక. మీది మూడో అంతస్తు. లిఫ్టు ఉందా? లేకపోతే ఈ ఆలోచన మానుకోండి.

పిల్లను ఎవరి దగ్గర తీసుకున్నా తల్లిని చూడకుండా తీసుకోకండి. తల్లిని చూపించము అన్నారంటే ఏదో దాస్తున్నారన్నమాట. తల్లి బెదురుగా ఉంటే పిల్లా బెదురుగానే ఉంటుంది. ఎనిమిది వారాలు నిండకుండా విడదీయనివ్వకండి. ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో తల్లే నేర్పుతుంది. ముందే విడదీసిన పిల్లలకు అది తెలియదు.

ఇంక రాయకండి.

తా.క. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద ఉండాలి. పాపకు ఇది రెండుసార్లు చెప్పండి.

తా.క. మళ్లీ. పాప ఎంత ఎత్తుంది?


మూడో అంతస్తు ఇంటి నుంచి,
మార్చి 3

అక్కగారికి,

అనకండి అన్నారు, సరే. కానీ వేరే ఏమని పిలవను? కాబట్టి ఇలాగే.

పిట్ట నా భుజం దాకా వచ్చింది. నేను పొడుగేం కాదు.

లిఫ్టు ఉంది. దానికి బుద్ధి పుట్టిన రోజు పనిచేస్తుంది. పనిచెయ్యని రోజు మెట్ల మీద ఆయనే మోస్తానన్నారు. మొదట ఇంట్లో కుక్కేంటని చిందులేసిన మనిషి ఇప్పుడు దాన్ని చంకనేసుకుని కొట్టుకు కూడా తీసుకెళ్తున్నారు. దాని పేరు గుండీ. పిట్టే పెట్టింది. ముక్కు అచ్చం కోటు గుండీలా ఉందని.

మీరు చెప్పినట్టే తల్లిని చూశాం. మొదటి చోట తల్లి ఊళ్లో లేదన్నారు. కుక్క ఊరెళ్లడమేంటని లేచి వచ్చేశాం. రెండో చోట తల్లి నేరుగా వచ్చి పిట్ట చెయ్యి నాకింది. అప్పటికి పిల్లలకు ఐదు వారాలే. పిట్ట మూడు ఆదివారాలు వెళ్లి చూసొచ్చింది. ఎనిమిదో వారం నిండాక కూడా ఇంకో రోజు ఆగుదాం అంది. ఎందుకే అంటే, "వాళ్లమ్మకి ముందు చెప్పాలి కదా" అంది.

మీ ఉత్తరంలో కుక్క ముక్కలన్నీ చదివి వినిపించాను. కుక్కల గురించి తెలిసినావిడ రాసిందని చెప్పాను. నిజమే కదా. పిట్ట మీకు 'కుక్కలావిడ' అని పేరు పెట్టింది. తన ప్రశ్నలు నోటుపుస్తకం కాగితం మీద రాసింది. అలాగే పంపిస్తున్నాను. ఒకటి రెండు మీకు కష్టమనిపిస్తాయని తెలిసీ పంపిస్తున్నాను. తప్పయితే క్షమించండి.

ఇట్లు,
పిట్ట పిన్ని

(జతచేసిన కాగితం)

కుక్కలావిడ గారికి,
1. గుండీకి ఒక చెవి నిలబడింది, ఇంకోటి పడిపోయింది. రిపేరా?
2. నాన్న మడమ కొరికింది. రక్తం రాలేదు. కోప్పడాలా?
3. నేను నడిస్తే నా వెనక నడుస్తుంది. నేనే అందరికన్నా వెనక నడుస్తాను. ఇప్పుడు అది నా వెనక ఉంది. బాగుంది. ఇది ప్రశ్న కాదు.
4. సోఫా మీంచి దూకితే ఏమవుతుంది?
5. స్కూలుకెళ్తే ఏడుస్తుంది. నేను తిరిగొస్తానని దానికి ఎలా చెప్పాలి?
6. మీకు పిల్లలున్నారా?
7. గుండీకి వాళ్లమ్మ గుర్తుంటుందా?


లాండ్రీ వెనక గది నుంచి,
మార్చి 19

పిట్టకి,

1. రిపేరు కాదు. పళ్లు మారే వయసులో చెవులు లేస్తాయి, పడతాయి. ఐదో నెలకల్లా రెండూ నిలబడతాయి.

2. కోప్పడకు. పరుగెత్తకు కూడా. కదలకుండా చెట్టులా నిలబడితే దానికి విసుగొస్తుంది. అప్పుడు నమలడానికి ఒక బొమ్మ ఇవ్వు. చిన్నప్పుడే మాన్పించాలి. పెద్దయ్యాక నాన్న కొట్టుకొచ్చినవాళ్ల మడమలు పడుతుంది.

3. ప్రశ్న కాదన్నావు. అయినా రెండుసార్లు చదివాను.

4. ఇప్పుడేం కాదు. ఐదారేళ్లకి వెన్నెముకలో బాధ మొదలవుతుంది. సోఫా ముందు గట్టి దిండు ఒక మెట్టులా వెయ్యి.

5. చెప్తే దానికి అర్థం కాదు. చూపించాలి. ముందు ఒక నిమిషం తలుపు బయటికెళ్లి తిరిగి రా. తర్వాత రెండు నిమిషాలు, ఐదు. వెళ్లిన ప్రతిసారీ తిరిగి రా. ఒక్కసారి కూడా తప్పకూడదు. అలా వందసార్లు వచ్చాక నమ్ముతుంది.

~~6.~~

7. ఉంటుంది. మా డైరీలో ఒకదాన్ని ఎవరికో ఇచ్చేశారు. రెండేళ్లకి వాళ్లు ఇటు వచ్చినప్పుడు వెంట తెచ్చారు. అది బండి దిగి ఎవర్నీ పలకరించలేదు. వాళ్లమ్మ పడుకునే గోనెపట్టా వెతుక్కుని దాని మీద పడుకుంది. అప్పటికి వాళ్లమ్మ లేదు.

కుక్కలావిడ

(వేరే కాగితం)

చెల్లీ,

ఆ మాట నా నోటే వచ్చేసింది. ఇక మీరు, గారు అని రాయలేను.

ఆ పిల్ల అందరికన్నా వెనక ఎందుకు నడుస్తుందో నీకెవరూ చెప్పినట్టు లేదు. మీ ఆయన చెప్పరు. నా పరువు కాపాడుతున్నారనుకుంటా. మూడేళ్ల పిల్లని బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి నేను బస్సెక్కాను. గంటసేపటికి టికెట్లిచ్చే అతను చూసి ఎత్తుకున్నాడు. తర్వాత నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. మనసుకి జబ్బు చేసిందన్నారు. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటాను, నయంగానే ఉన్నాను. ఆ ఆసుపత్రిలోనే దుప్పట్లు ఉతికే పనిచ్చారు. పిల్ల తండ్రి దగ్గరుండాలని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. నెలకోసారి చూసుకోవచ్చన్నారు. నేనే వద్దన్నాను.

ఇది చదివి నన్ను ఏమనుకున్నా, ఆ ఏడు జవాబులూ పిల్లకి ఇవ్వు. ఆరే ఇచ్చాను, తెలుసు. ఆరోదానికి అవునని రాస్తే ఒక అబద్ధం, లేరని రాస్తే ఇంకో అబద్ధం.


మూడో అంతస్తు ఇంటి నుంచి,
ఏప్రిల్ 14

అక్కా,

ముందు నా తప్పు చెప్తాను. నీ ఉత్తరం తొమ్మిది రోజులు మిషను సొరుగులో పెట్టేశాను. పిట్ట రోజూ "కుక్కలావిడ రాయలేదా?" అని అడుగుతుంటే లేదమ్మా అన్నాను. బెంచీ సంగతి చదివి కాదు. నువ్వు ఎంత బాగా రాస్తావో చూసి. నాలుగేళ్లు జడలేసి, జ్వరాలకి మేలుకుని, నేను సంపాదించుకున్నది రెండు కాగితాలతో నీ దగ్గరికి వెళ్లిపోతుందని భయమేసింది. ఆ తొమ్మిది రోజులు మిషనుకు కూర్చున్నప్పుడల్లా నా మోకాలు ఆ సొరుగుకి తగిలేది.

పదో రోజు ఇచ్చాను. అది చదివి, మళ్లీ చదివి, వేలు పెట్టి చూపించింది.

"పిన్నీ, ఆరోదానికి జవాబు లేదు."

"మర్చిపోయుంటుందే."

"మర్చిపోతే నంబరు కూడా వెయ్యదు కదా. వేసి కొట్టేసింది." కాసేపు గుండీ చెవి నిమురుతూ కూర్చుని, "ఆ ఫొటోలో పశువుల పాక ఈవిడ డైరీలోదేనా? ఈవిడ మా అమ్మేనా?" అంది.

నేను చేతిలో ఉన్న గుండుసూదులన్నీ కింద పోసేశాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదక్కా. అవునన్నాను. పిట్ట ఏడవలేదు. కుక్క సూదులు తొక్కుతుందని దాన్ని ఎత్తుకుని, రెండు చేతులూ నువ్వు చెప్పినట్టే పెట్టి, గదిలోకెళ్లింది.

ఆయన కొట్టు నుంచి రాగానే చెప్పేశాను. కేకలేస్తారనుకున్నాను. మెట్ల మీద కూర్చుండిపోయారు. లిఫ్టు ఆ రోజు పనిచేస్తూనే ఉంది, అయినా మెట్ల మీదే. అక్కడే అన్నారు, "అమ్మ ఎందుకు వదిలేసిందని పిట్ట నన్నడుగుతుందేమోనని ఏడేళ్లుగా భయపడుతున్నాను. నాకు జవాబు తెలీదు. వాళ్లమ్మనే చెప్పమను. ఒక్కసారి. నిజమే చెప్పమను."

పిట్ట ఇచ్చిన చీటీ ఇందులో పెట్టాను. నేను చదవలేదు. మడతపెట్టి టేపు వేసింది.

నీ చెల్లి

(చీటీ)

బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టావు?


లాండ్రీ వెనక గది నుంచి,
మే 2

పిట్టకి,

ఈ ఉత్తరం పదకొండుసార్లు రాశాను. మిగతా పదింటిలో నన్ను నేను వెనకేసుకొచ్చాను. అవి చించేశాను.

నాకు అప్పుడు జబ్బు. జ్వరంలా బయటికి కనిపించేది కాదు. నువ్వు ఏడిస్తే వినిపించేది, లేచి రావడానికి కాళ్లు కదిలేవి కావు. స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడేదాన్ని. నా దగ్గరుంటే నీకేదో జరుగుతుందని గట్టిగా నమ్మాను. అందుకని ఆ రోజు నిన్ను బస్టాండుకి తీసుకెళ్లాను. టికెట్ల కిటికీకి ఎదురుగా ఉన్న బెంచీ చూసి కూర్చోబెట్టాను, ఎవరి కంటో ఒకరి కంట పడతావని. చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టాను. "ఇప్పుడే వస్తాను" అన్నాను. రానని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నువ్వేం తప్పు చెయ్యలేదు. అల్లరి చెయ్యలేదు, ఏడవలేదు, ఏమీ అడగలేదు. కాళ్లూపుకుంటూ కూర్చున్నావు. ఎడమకాలి చెప్పు బకిల్ ఊడిపోయుంటే పెట్టి వెళ్లాను.

తర్వాత నయమైంది. నయమయ్యాక కూడా రాలేదు. దాన్ని జబ్బు మీదికి నెట్టను. నీ మొహం చూడాలంటే భయమేసింది. ఒక ఏడాది రాకపోతే రెండో ఏడాది ఇంకా కష్టం, మూడో ఏడాది మరీను. నా తప్పు బెంచీ దగ్గర కొంతే ఉంది. మిగతాదంతా ఆ తర్వాతి ఏడేళ్లలో ఉంది.

ఆరో ప్రశ్నకి జవాబు: ఒక పాప. మీ పిన్ని భుజం దాకా ఉంటుందట.

క్షమించమని అడగను. నీ మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.


మూడో అంతస్తు ఇంటి నుంచి,
జూన్ 11

నీకు,

ఏమని పిలవాలో తెలీక ఇలా రాశాను.

నువ్వు రాసింది నిజమేనని నాన్న అన్నాడు. నాన్నకి కూడా చెప్పు బకిల్ సంగతి తెలీదు. ఒక రోజంతా ఏడ్చాడు. పిన్ని మిషను తొక్కలేదు.

నాకు బిస్కెట్లు గుర్తులేవు. టికెట్లాయన చొక్కా నీలం, అది గుర్తుంది. నీ మొహం గుర్తులేదు. ఫొటోలో చూశాను కానీ అందులో నువ్వు నాకంటే చిన్నదానివి.

గుండీ బాగుంది. రెండు చెవులూ లేచాయి. నువ్వు చెప్పినట్టు తలుపు బయటికెళ్లి తిరిగొచ్చాను. ఎనభై మూడు సార్లు అయ్యాక ఏడవడం మానేసింది. వంద అక్కర్లేదు.

కానీ నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను పిన్ని వెనకే తిరుగుతున్నాను. స్నానాల గది బయట కూడా నిలబడుతున్నాను. అంతకుముందు అది తగ్గింది. ఇప్పుడు మళ్లీ వచ్చింది. పిన్ని లోపల్నుంచి పాట పాడుతూ ఉంటుంది, అక్కడే ఉన్నానని తెలియడానికి.

అందుకని నాకు ఇంక ఉత్తరాలు వద్దు. నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ నిజం చెప్తున్నాను. నాన్న, నీ ఇష్టం అన్నాడు. పిన్ని, బాగా ఆలోచించుకో అంది. ఆలోచించాను. పెద్దయ్యాక రాస్తానేమో, రాయనేమో. తప్పకుండా రాస్తానని చెప్పను. ఊరికే చెప్పకూడదు.

కుక్క కాగితాలు దాచుకున్నాను. అవి గుండీవి.

పిట్ట


లాండ్రీ వెనక గది నుంచి,
జూన్ 25

చెల్లీ,

పిట్ట ఉత్తరం చేరింది. ఆ రోజు పని మధ్యలో చదివాను. తడి దుప్పట్ల బండి పట్టుకుని నిలబడితే మా మేస్త్రీ వచ్చి, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అంది. బాగానే ఉందన్నాను. నిజంగానే, భయపడాల్సినదేమీ లేదు. మాత్రలు వేసుకుంటున్నాను, అన్నం తింటున్నాను. నా గురించి పిల్ల దగ్గర ఎవరూ జాలిగా మాట్లాడొద్దు.

పిట్ట చేసింది సరైన పని. నాకు నొప్పిగా ఉంది, అది వేరే సంగతి. పదేళ్ల పిల్ల తనకేం కావాలో తెలుసుకుని, నాన్నకి చెప్పి, నాకు రాసింది. అలా పెంచింది నువ్వు. సొరుగులో తొమ్మిది రోజులు పెట్టినందుకు నన్నడిగితే తొంభై రోజులు పెట్టాల్సింది.

నేనింక రాయను. నీకు కూడా రాయను. నా దస్తూరీ ఉన్న కవరు గుమ్మంలో పడితే పిల్ల మళ్లీ నీ వెనక తిరుగుతుంది. కాబట్టి గుండీ గురించి మిగిలినదంతా ఇప్పుడే చెప్పేస్తాను. కోర్గీ పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. దాన్ని తెచ్చుకునే ముందే ఇదంతా చెప్పాల్సింది.

వచ్చే ఏడు గుండీకి ఒకటి నిండుతుంది, పిట్టకి పదకొండు. బడి నుంచి తెచ్చుకున్న తిండిలో సగం దానికి పెడుతుంది. కోప్పడకు, ఆ సగం గిన్నెలోంచి తగ్గించు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు.

మూడేళ్లకి పిట్టకి పదమూడు. తలుపేసుకోవడం మొదలుపెడుతుంది. నువ్వు పిలిస్తే ఏంటి అని విసుక్కుంటుంది. కుక్క మాత్రం తలుపు బయట పడుకుని గోకుతుంది. కుక్క కోసమైనా తలుపు తీస్తుంది. తీసినప్పుడు నువ్వు లోపలికెళ్లకు. అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి వచ్చెయ్.

ఆరేళ్ల దగ్గర జాగ్రత్త. ఒకరోజు వెనక కాలు ఈడుస్తుంది, లేదా ఎత్తుకోబోతే కీచుమంటుంది. రేపు చూద్దాం అనుకోకు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పిట్టకి అప్పుడు పరీక్షలుంటాయి. పరీక్షలని దాచకు. దాస్తే తర్వాత ఏదీ నమ్మదు.

ఎనిమిదేళ్లకి పిట్టకి పద్దెనిమిది. చదువుకని వేరే ఊరెళ్తుంది. వెళ్లనివ్వు. కుక్క రెండు రోజులు గిన్నె ముట్టుకోదు, గుమ్మం దగ్గర్నుంచి లేవదు. అన్నంలో గోరువెచ్చని నీళ్లు పోసి చేత్తో పెట్టు. మూడో రోజు తింటుంది. నువ్వు కూడా తినాలి. ఆ ఇంట్లో అప్పుడు నీకే ఎక్కువ బాధగా ఉంటుంది, ఎవరూ గమనించరు. మీ ఆయన గమనించరు, నాకు తెలుసు. కాబట్టి నేను ఇప్పుడే చెప్తున్నాను.

పదేళ్లు దాటాక కొన్ని కోర్గీలకి వెనక కాళ్లు మెల్లగా పడిపోతాయి. దానికి నొప్పి ఉండదు, చూసేవాళ్లకే. నడుం కింద మెత్తటి తువ్వాలు వేసి పట్టుకుని నడిపించాలి. చక్రాల బండి కూడా చేస్తారు. ఒక పట్టీ కుట్టాలి, అది నీకు చిటికెలో పని. వెనక కాళ్లు పోయినా దాని బుద్ధి మారదు. ఆ బండితోనే మిమ్మల్నందర్నీ ఒక గదిలోకి తోలాలని చూస్తుంది.

చివరి రోజు ఒకటి వస్తుంది. అప్పటికి పిట్టకి ఇరవై రెండో, ఇరవై మూడో. ఎక్కడున్నా పిలిపించు. ఉద్యోగమని, దూరమని మొహమాటపడకు. డాక్టర్ని ఇంటికే రమ్మను. కుక్క తల పిట్ట ఒళ్లో ఉండాలి. ఆఖరుదాకా దానికి వినిపిస్తుంది, కాబట్టి మాట్లాడుతూ ఉండమను. ఏం మాట్లాడాలో తెలియదంటే, ఆ రోజు ఏం చేసిందో, పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమను. వెళ్లిపోతున్నవాళ్లు గొంతు వింటూ వెళ్లొచ్చు. ఉండిపోయేవాళ్లకి కూడా, చెప్పే పంపామన్న తృప్తి ఒకటి మిగులుతుంది.

ఆ తర్వాత పిట్ట కుక్క గిన్నె కడుగుతుంది. కడిగిన గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక వంటింట్లో నిలబడిపోతుంది. ఆ గిన్నె చేతిలోంచి తీసుకోవాలి, ఏమీ అనకుండా పక్కన కూర్చోవాలి, రాత్రికి ఏదో ఒకటి కలిపి రెండు ముద్దలు తినిపించాలి.

ఆ పని నీదే చెల్లీ. నువ్వుంటావు.